ఉక్కు బుట్టచేతుల చొక్కా

మేస్త్రీ ముద్ర పడనివాడు మా ఆగ్స్‌బర్గ్‌లో సొంత కొలిమి పెట్టకూడదు, పెళ్ళి చేసుకోకూడదు. కవచాల సంఘం కట్టుబాటు అది. ఎవడు పెట్టాడో గానీ వాడికి అప్పటికే పెళ్ళయి ఉంటుంది, సందేహం లేదు. బాల్టస్‌కి ముప్ఫై దగ్గర పడుతున్నాయి. సుత్తి పట్టాడంటే ఉక్కు చెప్పిన మాట వింటుంది. అయితే ఏం లాభం? ఇంకా ఒకరి కొలిమిలో పనివాడే. అలాంటివాడు పోయిపోయి దర్జీ గాంగోల్ఫ్ మేస్త్రీ కూతురు ఆఫ్రా మీద మనసు పడ్డాడు. ఆఫ్రాకీ అతనంటే ఇష్టమే. చిక్కంతా తండ్రితోనే.

గాంగోల్ఫ్ సంగతి ఊరందరికీ తెలుసు. మనిషి పొట్టి, పొట్ట పెద్దది, నోరు అంతకంటే పెద్దది. దర్జీల సంఘానికి పెద్ద. కమ్మరులంటే ఆయనకి మహా చిన్నచూపు.

“ఒరేయ్ కమ్మరీ, గుడ్డ ఊపిరి పీలుస్తుందిరా. నీ ఇనుమేం చేస్తుంది? తుప్పు పడుతుంది,” అన్నాడు ఒకరోజు నడివీధిలో బాల్టస్‌ని పట్టుకుని. “ముద్ర వేయించుకునిరా, అప్పుడు పిల్ల సంగతి మాట్లాడదాం. ఈ ఏడు పడలేదో, మీ సంఘం కట్టుబాటు ప్రకారం మూట కట్టుకుని మళ్ళీ దేశాలు పట్టిపోతావు. నువ్వొచ్చేదాకా మా అమ్మాయి ఈగలు తోలుకుంటూ కూర్చోదు. ఉల్మ్‌లో ఒక దర్జీ పెళ్ళాం పోయి ఉన్నాడు. బంగారంలాంటి మనిషి. రెండుసార్లు కబురు పంపాడు.”

ఉల్మ్ దర్జీ మాట వినేసరికి బాల్టస్‌కి ఒళ్ళు మండిపోయింది. కానీ ఏమనగలడు? “సరే మేస్త్రీ” అని తల వంచుకుని పోయాడు.

ముద్ర కావాలంటే సంఘం పెద్దలు చెప్పిన పని చేసి చూపించాలి. ఆ ఏడు వాళ్ళు ఇచ్చిన పని వింటే మీరు నవ్వుతారు. ఈ ఊరి మగవాళ్ళు వీధిలో వేసుకు తిరిగే చొక్కాని ఉక్కుతో చేసి తీసుకురావాలి! అప్పట్లో దొరలందరికీ అదే పిచ్చి. కిరాయి సిపాయిల్లాగా బుట్టచేతుల చొక్కాలు, ఆ బుట్టల నిండా కావాలని కోసిన గాట్లు, గాట్లలోంచి లోపలి పట్టు పొంగి బయటికి రావాలి. వీధిలో వేసుకుంటే సరిపోయిందా? యుద్ధానికి వేసుకునే కవచం కూడా అచ్చం ఆ చొక్కాలాగే ఉండాలట. ఈటె పోటు తగిలి కింద పడ్డా సోకుగా పడాలని కాబోలు.

బాల్టస్‌కి ఉక్కు తెలుసు గానీ చొక్కా తెలియదు. వారమంతా నిప్పురవ్వలకి అడ్డంగా కట్టుకునే తోలు, ఆదివారం వాళ్ళ నాన్న వదిలిపోయిన గోధుమరంగు కోటు, అంతే అతని బట్టలు. అందుకే ఆఫ్రాని అడిగాడు. ఆమె కొట్టులో మిగిలిన ముక్కలు ఏరి, నీలం ఉన్ని, పసుపు పట్టు కలిపి అతని కొలతకి ఒక చొక్కా తయారుచేసింది. వెనక గుమ్మంలో నిలబడి చేతికిచ్చింది.

“ముందు తొడుక్కుని చూడు. చూసి, వచ్చి చెప్పు.”

“అలాగే.”

“వచ్చి చెప్పాలి. మర్చిపోకు.”

“చెప్పానుగా, అలాగేనని!”

తీసుకెళ్ళి తొడుక్కుందామని చూశాడు. చేతులకేసి చూసుకున్నాడు. ఇసకతో తోమినా, బూడిదతో తోమినా గోళ్ళలో మసి వదలదు. ఆ చేతులతో పసుపు పట్టు ముట్టుకోవడమా! ప్రాణం ఒప్పలేదు. చొక్కాని ఒక కర్ర బొమ్మకి తగిలించి, దాని చుట్టూ గుడిచుట్టూ తిరిగినట్టు తిరిగాడు. ఎక్కడెక్కడ ముడత పడుతోందో, ఏ గాటు ఎంత పొడుగుందో అంతా చూశాడు. అప్పుడు కనిపించాయి అతనికి ఆ తెల్లదారాలు. భుజాల మీద, చేతుల చుట్టూ, మెడ దగ్గర, బారెడు బారెడు కుట్లు, ఒకటి విడిచి ఒకటి, చీమలు బారులు కట్టినట్టు.

“అబ్బ! ఏం సోకు!” అనుకున్నాడు. ఇది కొత్తగా వచ్చిన ఫ్యాషన్ అయి ఉంటుంది. గాంగోల్ఫ్ కొట్టు పనంటే ఊరికే అంటారా!

ఇక పనిలో పడ్డాడు. ఉక్కు రేకుని లోపలినుంచి సుత్తితో పొంగించి పొంగించి బుట్టచేతులు తెచ్చాడు. గాట్లలోంచి తొంగిచూసే పట్టుకి బంగారుపూత పూశాడు. నీలం ఉన్ని కోసం ఉక్కుని కాల్చి కాల్చి నీలం తిప్పాడు. అన్నిటికంటే కష్టపడింది ఆ తెల్లకుట్ల మీద. ఇనుముని తినేసే పులుపు నీళ్ళు పోసి చుట్టూ ఉక్కుని కరిగించి, ఒక్కొక్క కుట్టూ వెంట్రుకంత ఎత్తు లేపి, వెండి పూత పూశాడు. ఒక కుట్టు పొట్టిగా వచ్చిందని ఎడంచేయి మొత్తం తీసి పక్కన పడేసి మళ్ళీ చేశాడంటే చూడండి ఆ మనిషి పట్టుదల!

ఈ మధ్యలో ఆదివారాలు చర్చి బయట ఆఫ్రా కనబడేది.

“తొడుక్కున్నావా?”

“ఇంకా లేదు. పనయ్యాక.”

“పనయ్యాకా?” అని అతన్ని ఎగాదిగా చూసి, గిరుక్కున తిరిగి వెళ్ళిపోయేది. బాల్టస్ పాపం ఆమె చెప్పులు కరుస్తున్నాయేమో అనుకున్నాడు.

పని పూర్తయింది. సంఘం ఇంట్లో పెద్ద బల్ల మీద ఉక్కుచొక్కా నిలబెట్టారు. పెద్దలు చుట్టూ చేరారు. వాళ్ళలో ముఖ్యుడు క్విరిన్ మేస్త్రీ. నిప్పురవ్వ పడి ఒక కన్ను పోయిన మనిషి, కానీ ఆ రెండో కంటికి తెలియని లోపం లేదు. ఆయన ఉక్కుచేతులు వంచి చూశాడు, వేలితో తట్టి మోత విన్నాడు, గాట్ల అంచులు గోటితో గీకాడు. గుడ్డేనేమో అని ఒకాయన అంచు పట్టి లాగబోయి, అందరూ నవ్వితే సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బాల్టస్‌కి ఏనుగెక్కినంత సంబరమైంది.

క్విరిన్ మేస్త్రీ ఊరి గుర్తు, అదే పైన్‌కాయ ముద్ర, చేతిలోకి తీసుకున్నాడు. ఇంకో చేత్తో సుత్తెత్తాడు.

“ఆగండాగండి,” అన్నాడు ఒక పెద్దాయన. “చొక్కా కదా. చొక్కా అవునో కాదో దర్జీల పెద్ద కూడా చూసి సరేననాలి. అనుకున్నాంగా ముందే.”

అంటే ఎవరు? గాంగోల్ఫే. పిలవగానే వచ్చాడు, చేతులు వెనక్కి కట్టుకుని, పొట్ట ముందుకి పెట్టుకుని. కవచం చుట్టూ ఒకసారి తిరిగాడు.  మళ్ళీ తిరిగాడు. ఆయన మొహం కొంచెం మెత్తబడినట్టు కూడా కనిపించింది బాల్టస్‌కి. అంతలో భుజం దగ్గర ఆగి, ముక్కు ఉక్కుకి తగిలేంతగా వంగాడు. ముందు పొట్ట కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. ఆ తర్వాత ఇల్లు ఎగిరిపోయేలాగా నవ్వాడు.

“కచ్చా కుట్లు! ఓరి నాయనో, కచ్చా కుట్లురా!”

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ఇవి ఏమిటనుకున్నారయ్యా మీరంతా?” గాంగోల్ఫ్ కళ్ళు తుడుచుకున్నాడు. “పక్కా కుట్టు వేసేముందు ముక్కలు జారిపోకుండా మేం వదులుగా వేసుకునే దారాలివి. పనయ్యాక పీకి పారేస్తాం. ఇది సగం కుట్టిన చొక్కా! వీడు దాన్ని చూసి, ఆ కచ్చా కుట్లు కూడా చెక్కి, పైగా వెండి పూశాడు! ఇంకా నయం, గుండుసూదులు చెక్కలేదు!”

బాల్టస్‌కి తల కొట్టేసినట్టయింది. పరువంతా లెహ్ నదిలో కలిసింది. భూమి చీలితే బాగుణ్ణనుకున్నాడు గానీ, సంఘం ఇంటి నేల మంచి రాతి నేల.

క్విరిన్ మేస్త్రీకి మాత్రం కోపమొచ్చింది. తన సంఘం ఇంట్లో ఒక దర్జీ వచ్చి పొట్ట పట్టుకుని నవ్వడమా! సుత్తి దించాడు గానీ ముద్ర మాత్రం చేతిలోంచి వదల్లేదు.

“పని చూస్తే నా చెయ్యి దురదపెడుతోంది. ఇంతటి పని నేను ఈ మధ్య చూడలేదు. కానీ మనం చెప్పింది ఏమిటి? ఈ ఊరి మగవాళ్ళు వీధిలో వేసుకు తిరిగే చొక్కా అన్నాం.”

“కచ్చా కుట్లతో వీధిలోకి ఎవడొస్తాడు?” అన్నాడు గాంగోల్ఫ్. “ఎవడైనా వస్తే నా కత్తెర తీసి ఈ కమ్మరి చేతిలో పెడతా!”

“అలాగా? అయితే విను. మన ఊరిని కాచే పునీత ఆఫ్రా పండుగనాడు పూజయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి చూస్తాం. ఇల్లూ వాకిలీ ఉన్న మనిషి, సంఘంలో పరువున్నవాడు, ఒక్కడు ఇట్లాంటి కుట్లతో బయటికి వస్తే చాలు, ముద్ర కొడతాను. కుర్రకుంకల్ని లెక్కపెట్టను. ఎవడూ రాకపోతే బాల్టస్ మూట కట్టుకోవలసిందే.”

గాంగోల్ఫ్ మళ్ళీ నవ్వు మొదలుపెట్టి, వీధి చివరిదాకా నవ్వుకుంటూనే పోయాడు.

బాల్టస్ ఉక్కుచేయి ఒకటి చంకలో పెట్టుకుని ఆఫ్రా వాళ్ళ వెనక గుమ్మం దగ్గరికి పరిగెత్తాడు.

“కొంప ముంచావు కదే! సగం కుట్టిన చొక్కా ఇస్తావా నాకు?”

“తొడుక్కుని చూసి రమ్మన్నానా, లేదా?”

“కచ్చా కుట్లని ఒక్క ముక్క చెప్పొచ్చుగా!”

“ఒక్కసారి రావచ్చుగా!” ఆఫ్రా గొంతు పెద్దదైంది. “వసంతమంతా ఎదురుచూశాను. పనయ్యాకట, పనయ్యాక! నీ పని తగలడ!”

తర్వాత ఆమె కళ్ళు అతని చంకలోని ఉక్కుచేతి మీద పడ్డాయి. తీసుకుని వెలుతురులో పెట్టింది. తెల్లకుట్ల మీద మెల్లగా వేలు పోనిచ్చింది. ఒకచోట ఆగింది.

“ఇక్కడ కుట్టు వంకర పోయింది.”

“నీ చొక్కాలో కూడా వంకరే.”

“నాకప్పుడు తుమ్మొచ్చింది. నా తుమ్ము కూడా చెక్కావా?”

“ఉన్నదున్నట్టు చెక్కాను. ఒకటి పొట్టిగా వస్తే చేయి మొత్తం మళ్ళీ చేశాను.”

 ఆఫ్రా ఆ వంకర కుట్టు మీదే వేలు పెట్టి నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమెకి అంత సంతోషం ఎన్నడూ కలగలేదు, కానీ ఆ సంగతి ఆ మొద్దబ్బాయికి ఎలా తెలుస్తుంది? కోపంతో ఏడుస్తోందనుకుని గాభరాపడ్డాడు.

“మొద్దూ,” అంది ముక్కు తుడుచుకుంటూ. “ఆ చొక్కా తెచ్చి ఇక్కడ పెట్టు. ఇక నువ్వు నోరు మూసుకో.”

మర్నాడు మిరియాల వర్తకుడి కొడుకు పంక్రాట్స్ గాంగోల్ఫ్ కొట్టుకి కొలతలివ్వడానికి వచ్చాడు. ఊళ్ళో కొత్త సోకు ఏదొచ్చినా ముందు అతని ఒంటి మీదే కనబడాలి, లేకపోతే అతనికి అన్నం సయించదు. చొక్కా ఇచ్చి వెళ్దామని వచ్చిన బాల్టస్ అప్పటికే వెనక గదిలో ఉన్నాడు. తెర సందులోంచి చూస్తూ ఊపిరి బిగపట్టాడు. ఆఫ్రా నీలంచొక్కా కొక్కానికి తగిలించి, పంక్రాట్స్ చూసేదాకా ఆగి, చూడగానే గబగబా తీసి దాచబోయింది.

“ఏమిటది? ఏమిటది? చూడనీ!”

“అది మీక్కాదు లెండి, బాబూ.”

“నాక్కాదా! ఎందుక్కాదు?”

“ఇంకా మన ఊరికి రాలేదు లెండి. వచ్చాక చూద్దురుగాని. మీవాళ్ళేమంటారో ఏమో. గుండె ధైర్యం ఉన్నవాళ్ళు వేసుకునేది.”

అంతే. నిప్పంటుకుంది. పంక్రాట్స్‌కి తెల్లపట్టుదారంతో అలాంటి కుట్లే కావాలి, అవీ ఇంకా పొడుగ్గా కావాలి, వెంటనే కావాలి. అతను వేసుకుని చేపల బజారులో ఒక్కసారి అటూ ఇటూ నడిచాడు. ఇక చూడండి! ఉప్పు వర్తకుల అబ్బాయిలు, బట్టల వర్తకుల అబ్బాయిలు, చివరికి లాటిన్ చదివే కుర్రాళ్ళు కూడా గాంగోల్ఫ్ కొట్టు ముందు వరస కట్టారు.

గాంగోల్ఫ్ తల బాదుకున్నాడు. “వెర్రి వెధవల్లారా, ఇది పీకి పారేసే దారంరా!” అన్నాడు. వాళ్ళు వింటేగా? చక్కగా పూర్తయిన చొక్కా మీద, పక్కా కుట్టు పక్కనే మళ్ళీ కచ్చా కుట్టు వేయించుకుంటున్నారు. వద్దంటే పక్కవీధి దర్జీ దగ్గరికి పోతారు. ఏం చేస్తాడు? బల్ల మీద బాసింపట్టు వేసుకుని పొద్దస్తమానం కుడుతూనే, తిడుతూనే ఉన్నాడు. తిండికి దిగడానికి కూడా తీరిక లేదు. ఆఫ్రా సూపు గిన్నె బల్ల మీదికే అందించేది.

బాల్టస్ ఆనందం మాత్రం ఎంతోసేపు నిలవలేదు. వేసుకునేవాళ్ళంతా కుర్రకుంకలే. ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్ళు వాళ్ళని చూసి ముక్కున వేలేసుకుంటున్నారు. మిరియాల వర్తకుడైతే కొడుకుని భోజనాల బల్ల దగ్గరికి రానివ్వడం మానేశాడట. ఇంక పరువున్నవాడెవడు వేసుకుంటాడు? బాల్టస్ బట్టలు మూట కట్టి గుమ్మం పక్కన పెట్టుకున్నాడు.

పండుగ రానే వచ్చింది. గంటలు మోగుతున్నాయి. వీధి పొడుగునా తేనెరొట్టెల వాసన, వేగుతున్న సాసేజీల వాసన. బీరు పీపాలు తెరవకముందే పీపాల చుట్టూ జనం. చర్చి మెట్ల మీద క్విరిన్ మేస్త్రీ, పెద్దలు నిలబడ్డారు. పక్కనే బల్ల మీద ఉక్కుచొక్కా ఎండకి ధగధగలాడుతోంది. ముద్ర, సుత్తి దాని ముందే ఉన్నాయి. బాల్టస్ వాటికేసి చూడలేక చూస్తున్నాడు.

పూజ అయింది. ముందు కుర్రాళ్ళు బయటికి వచ్చారు, రొమ్ములు విరుచుకుని, తెల్లకుట్లు మెరిపించుకుంటూ. పంక్రాట్స్ కుట్లు మోకాళ్ళదాకా ఉన్నాయి.

“వీళ్ళు లెక్కలోకి రారు,” అన్నాడు క్విరిన్ మేస్త్రీ.

తర్వాత ఇంటిపెద్దలు వచ్చారు. నల్లకోట్లు, బూడిదరంగు కోట్లు. ఒక్కరి ఒంటి మీద కూడా తెల్లదారం పోగు లేదు. రొట్టెల సంఘం వెళ్ళిపోయింది. నేతగాళ్ళ సంఘం వెళ్ళిపోయింది.  ఉల్మ్ దర్జీ మొహం ఎలా ఉంటుందో ఎన్నడూ చూడకపోయినా, బాల్టస్‌కి ఇప్పుడు కళ్ళకి కట్టినట్టు కనబడుతోంది.

చివరగా దర్జీల సంఘం వచ్చింది. జెండా పట్టుకుని అందరికంటే ముందు గాంగోల్ఫ్. పండుగకని తనకోసం తనే కత్తిరించుకున్న పచ్చటి కొత్త చొక్కా వేసుకున్నాడు. మెట్ల మీద క్విరిన్‌ని చూసి కన్నుగీటాడు.

“ఏమోయ్, దొరికాడా నీ పెద్దమనిషి? దొరకలేదు కదూ! చెప్పానా!”

క్విరిన్ మేస్త్రీ ఒంటికన్ను గాంగోల్ఫ్ మొహం మీంచి మెడ మీదికి దిగింది. మెడ మీంచి పొట్ట మీదికి దిగింది. అక్కడే ఆగిపోయింది.

“గాంగోల్ఫ్,” అన్నాడు మెల్లగా. “నీ పొట్ట మీద అదేమిటి?”

గాంగోల్ఫ్ కిందికి చూసుకున్నాడు. మెడ దగ్గర మొదలై, రొమ్ము మీదుగా, పొట్ట కొండంతా ఎక్కి దిగి, తెల్లగా, బారెడు బారెడు, కచ్చా కుట్లు! ఊరందరి చొక్కాలూ కుట్టే హడావుడిలో తన చొక్కా ఎంతవరకూ వచ్చిందో చూసుకోలేదు మహానుభావుడు. చీకటితో లేచి, కొక్కానికి ఉన్నది తీసి తొడుక్కుని, జెండా ఎత్తుకుని వచ్చేశాడు.

ఆయన మొహం ముందు తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది. వెనక దర్జీల సంఘం మొత్తం నిలబడి ఉంది.

“పునీత ఆఫ్రా పండుగపూట,” అన్నాడు క్విరిన్ మేస్త్రీ గట్టిగా, వీధంతా వినబడేలా, “దర్జీల పెద్ద సగం కుట్టిన చొక్కాతో పూజకొచ్చాడా? జెండా పట్టుకుని? లేకపోతే… ఇది ఫ్యాషనా?”

పీపాల దగ్గర జనం కూడా నోళ్ళు మూశారు. గాంగోల్ఫ్ ఇటు తన సంఘంవాళ్ళని చూశాడు, అటు ఉక్కుచొక్కాని చూశాడు. మెట్ల కింద కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డ కూతురు ఆకాశంకేసి చూస్తోంది, ఏమీ ఎరగనట్టు.

“ఫ్యాషనే,” అన్నాడు పళ్ళ మధ్యనుంచి.

“వినబడలేదు.”

“ఫ్యాషనే అన్నానుగా! ఏం, నేను మాత్రం మగవాణ్ణి కానా? నాకు మాత్రం సోకు ఉండకూడదా?”

క్విరిన్ మేస్త్రీ ఇంకో మాట వినలేదు. ముద్ర పెట్టి సుత్తితో ఒక్కటిచ్చాడు. ఆ మోత బాల్టస్‌కి చర్చి గంటలన్నిటికంటే కమ్మగా వినిపించింది. వీధంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. ఎవరో అతన్ని భుజాల మీదికి ఎత్తుకోబోయి, బరువు ఆపలేక కింద పడేశారు. పడ్డచోటే కూర్చుని నవ్వుతున్నాడు బాల్టస్, పిచ్చివాడిలాగా. గాంగోల్ఫ్ వచ్చి ముందు నిలబడి, మొలకున్న కత్తెర తీసి అతని ఒళ్ళో పడేశాడు.

“ఇదీ తీసుకో. కూతుర్నే ఇస్తున్నప్పుడు కత్తెర ఒక లెక్కా!” అన్నాడు. కసురుకున్నాడే గానీ, నవ్వు ఆపుకోలేక పొట్ట మీద తెల్లకుట్లు ఎగిరెగిరి పడ్డాయి.

ద్రాక్షపళ్ళు కోసే రోజుల్లో పెళ్ళి జరిగింది. నాట్యాల ఇంట్లో బాకాలు, డోళ్ళు, ఊరు ఊరంతా అక్కడే. బాల్టస్ చేతులు ఎర్రగా కందిపోయేదాకా తోముకుని, ఆ నీలంచొక్కా మొట్టమొదటిసారి తొడుక్కున్నాడు. అందులో ఒక్క దారం కూడా కదపడానికి వీల్లేదని అంతకుముందే పట్టుబట్టాడు. “నా ముద్రకి కారణం ఈ కుట్లే” అన్నాడు. ఆఫ్రా “సరే నీ ఇష్టం” అని ఊరుకుంది.

మూడో పాటకి ఉత్సాహం పట్టలేక ఆఫ్రాని నడుం పట్టి గాల్లోకి ఎత్తాడు. పుటుక్కున చప్పుడైంది. కుడిచేయి భుజం దగ్గర ఊడి, జారి, నేలమీద పడింది. బాకాలు ఆగిపోయాయి. మసి పోని గోళ్ళు, కండలు తిరిగిన చెయ్యి, అందరి కళ్ళముందూ బోడిగా. పంక్రాట్స్ ఆ చేతికేసి చాలాసేపు చూశాడు. తర్వాత ఎవరూ చూడకుండా తన చొక్కా కుడిచేయి పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు.

ఆఫ్రా పగలబడి నవ్వుతూ మొగుణ్ణి లాక్కెళ్ళి గోడ పక్క బల్ల మీద కూర్చోబెట్టింది. నడుముకున్న సంచిలోంచి సూది, దారం తీసింది.

“ఇన్నాళ్ళకి వచ్చావా కొలతకి?” అంది. “పక్కాగా కుట్టేసి ఇస్తే ఒక్కసారి తీసుకుని పోతావు. కచ్చాగా ఇస్తే సరిచూడ్డానికి ఇంకోసారి వస్తావు, ఆ తర్వాత ఇంకోసారి వస్తావు, అనుకున్నాను. నువ్వేమో చొక్కాని చూస్తూ కూర్చున్నావు.”

 వసంతమంతా తను ఒక్కొక్కటే ఉక్కులో చెక్కింది ఏమిటో బాల్టస్‌కి అప్పుడు తెలిసింది.  అంతలో ఇంకో సంగతి తట్టింది.

“మరి మీ నాన్న పచ్చచొక్కా? దానికి పక్కా కుట్టు వెయ్యాల్సింది ఎవరు?”

“నేనే,” అంది ఆఫ్రా దారం పంటితో తెంపుతూ. “మర్చిపోయాను.”

అవతల గాంగోల్ఫ్ బాకాలవాళ్ళ మీద అరుస్తున్నాడు, ఆపారెందుకని. వాళ్ళు పాట మళ్ళీ అందుకున్నారు. బాల్టస్ లేవబోయాడు. ఆఫ్రా అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

“కదలకు. సూది గుచ్చుకుంటుంది. ఈసారి పక్కాగా కుడుతున్నాను.”